పూడ్చిన సముద్రానికి కట్టే వెల

సింగపూర్ ప్రధాన భూభాగానికి నైరుతి దిక్కున ఉన్న జురాంగ్ ఐలాండ్ ప్రకృతి ఇచ్చిన దీవి కాదు. పులావ్ అయర్ చావన్, పులావ్ అయర్ మెర్బావ్, పులావ్ మెర్లిమావ్, పులావ్ పెసెక్, పులావ్ పెసెక్ కెచిల్, పులావ్ సాక్రా, పులావ్ సెరాయా అనే ఏడు చిన్న దీవుల నడుమ ఉన్న సముద్రాన్ని ఇసుకతో పూడ్చి ఒక్కటి చేసిన నేల అది. ఆ ఏడూ కలిపినా పది చదరపు కిలోమీటర్లకు లోపే ఉండేవి. 1995లో పూడిక పని మొదలైంది. 1999లో ప్రధాన భూభాగం నుంచి రోడ్డు పడింది. 2000 అక్టోబరులో అప్పటి ప్రధాని గో చోక్ టాంగ్ లాంఛనంగా ప్రారంభించారు. 2009 సెప్టెంబరుకు పూడిక పూర్తయింది. ఇవాళ ఆ దీవి విస్తీర్ణం 30 చదరపు కిలోమీటర్లు దాటింది. చమురు శుద్ధి కర్మాగారాలు, పెట్రోకెమికల్ ప్లాంట్లు, ట్యాంకులు, జెట్టీలతో వందకు పైగా కంపెనీలు అక్కడ పనిచేస్తున్నాయి. ప్రాసెస్ ఇంజనీర్లుగా, వెల్డర్లుగా, సేఫ్టీ సూపర్‌వైజర్లుగా మన తెలుగువాళ్ళు కూడా ఆ దీవి గేటు దాటి రోజూ డ్యూటీకి వెళ్ళివస్తుంటారు. చిత్తడి నేలల గురించి చెప్పడానికి నేను ఈ చోటునే ఎంచుకోవడానికి కారణం ఉంది. ముందుచూపు లేకుండా, అడ్డగోలుగా పూడ్చేసిన ఏ ఊరి చెరువునో చూపించి పూడ్చడం తప్పని చెప్పడం తేలిక. ఎంతో క్రమశిక్షణతో, నిజమైన అవసరం కొద్దీ, ఖజానాలో డబ్బు పెట్టుకుని పూడ్చిన చోట కూడా లెక్క ఎటు తేలుతుందో చూసినప్పుడే అసలు సంగతి బోధపడుతుంది.

ఇక్కడ పూడ్చింది నడిసంద్రాన్ని కాదు. ఆ చిన్న దీవుల చుట్టూ మడ చెట్లు, బురద మేటలు, సముద్రపు గడ్డి, పగడపు దిబ్బలు ఉండేవి. ఆటు వేళ సగం బయటపడి, పోటు వేళ మునిగిపోయే నేలలవి. 1971 ఫిబ్రవరి 2న ఇరాన్‌లోని రామ్‌సార్ పట్టణంలో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం చిత్తడి నేలల్ని చాలా విశాలంగా నిర్వచించింది. చెరువులు, సరస్సులు, బురద నేలలే కాదు, ఆటు సమయంలో ఆరు మీటర్లకు మించని లోతున్న సముద్రపు నీరు కూడా అందులోకే వస్తుంది. ఆ కొలతతో చూస్తే జురాంగ్ ఐలాండ్‌లో చాలా భాగం చిత్తడి నేల మీదే నిలబడి ఉంది. ఈ ఒక్క దీవి సంగతే కాదు. 1819లో బ్రిటిష్‌వాళ్ళు అడుగుపెట్టేనాటికి సింగపూర్‌లో సుమారు 75 చదరపు కిలోమీటర్ల మేర మడ అడవులు ఉండేవని అంచనా. ఇప్పుడు మిగిలింది దాదాపు పదో వంతు. పగడపు దిబ్బల్లో సగానికి పైగా పూడికల కింద పోయాయి. 1961లో మొదలైన జురాంగ్ పారిశ్రామిక వాడ కూడా అంతకుముందు చిత్తడీ, మడా, రొయ్యల చెరువులూ ఉన్న నేలే. ఉపాధి లేక అల్లాడుతున్న దేశానికి ఆ వాడ అన్నం పెట్టింది, అందులో సందేహం లేదు. అయితే అన్నం పెట్టిన నిర్ణయానికి కూడా ఒక ఖర్చు ఉంటుంది. ఆ ఖర్చును ఎక్కడా రాసుకోకపోవడమే పొరపాటు.

నా వాదన ఇది. చిత్తడి నేలను పూడిస్తే వచ్చే భూమి నికర లాభం కాదు. ఆ నేల అంతవరకూ ఊరికే చేసిపెడుతున్న పనులన్నీ మన నెత్తిన పడతాయి. వాటిని డబ్బు పోసి, మనుషుల్ని పెట్టి, తరతరాలు చేస్తూనే ఉండాలి. అందుకని ఉన్నదాన్ని కాపాడుకోవడం మొదటి పని, పాడైనదాన్ని బాగుచేసుకోవడం రెండో పని, పోయినదానికి బదులు మరోచోట పెంచడం ఆఖరి పని. ఈ వరస తిరగబడిన చోటల్లా నష్టమే మిగిలింది.

ఆ నేల ఏం పని చేస్తుందో మడ చెట్టును దగ్గరగా చూస్తే తెలుస్తుంది. ఉప్పు పొన్న కాండం నుంచి వేర్లు వంపు తిరిగి, నేల తాకి, చెట్టు చుట్టూ ఊతకర్రల్లా నిలబడతాయి. తెల్లమడ వేర్లు బురదలోంచి నిటారుగా, పెన్సిళ్ళు నాటినట్టు పైకి పొడుచుకొస్తాయి. బురదలో దొరకని గాలిని చెట్టు వాటి ద్వారా పీల్చుకుంటుంది. పోటుతో వచ్చిన నీరు ఈ వేర్ల మధ్య నెమ్మదిస్తుంది, దానిలోని ఒండ్రు అక్కడే దిగుతుంది. ఏళ్ళ తరబడి అలా దిగిన ఒండ్రుతో నేల కొద్దికొద్దిగా ఎత్తు పెరుగుతుంది. ఆ వేర్ల సందుల్లో చేపపిల్లలు, రొయ్యపిల్లలు, పీతలు పెరిగి సముద్రంలోకి వెళ్తాయి, వాటి మీద ఆధారపడి జాలరి వల నిండుతుంది. ఆకులూ వేర్లూ గాలి తగలని బురదలో కుళ్ళకుండా ఉండిపోవడం వల్ల బొగ్గుపులుసు వాయువుగా గాలిలో కలవాల్సిన కర్బనం శతాబ్దాల పాటు నేలలోనే ఉంటుంది. ఇక అలల సంగతి. వంద మీటర్ల వెడల్పున్న మడ అడవి అల ఎత్తును 13 నుంచి 66 శాతం దాకా తగ్గించగలదని పరిశోధనలు తేల్చాయి. 1999లో ఒడిశాను ముంచిన పెను తుపానులో కేంద్రపడా జిల్లాలో మడ అడవి వెడల్పుగా ఉన్న చోట్ల, దాని వెనకనున్న ఊళ్ళలో చావులు తక్కువగా ఉన్నాయని 2009లో వెలువడిన అధ్యయనం చూపించింది. దివిసీమ ఉప్పెనను మరిచిపోని మనకు ఆ మాట బరువు ఎంతో వేరే చెప్పనక్కర్లేదు. మడ అడవి జీతం అడగని కాపలాదారు. దాన్ని పంపేస్తే ఆ కాపలాకు జీతమిచ్చి మరొకరిని పెట్టుకోవాల్సిందే.

సింగపూర్ ఇప్పుడు ఆ జీతం లెక్కలు వేసుకుంటోంది. ఆ దేశంలో దాదాపు 30 శాతం నేల సగటు సముద్రమట్టానికి ఐదు మీటర్ల ఎత్తు లోపే ఉంది. 2100 నాటికి సముద్రమట్టం 1.15 మీటర్ల వరకూ పెరగవచ్చని అక్కడి జాతీయ వాతావరణ అధ్యయనం 2024లో అంచనా కట్టింది. తీరాన్ని కాపాడుకోవడానికి రాబోయే నూరేళ్ళలో 100 బిలియన్ సింగపూర్ డాలర్లో, అంతకు మించో కావాలని 2019లోనే అప్పటి ప్రధాని లీ సియన్ లూంగ్ జాతికి చెప్పారు. కొత్తగా పూడ్చే నేల సగటు సముద్రమట్టానికి కనీసం నాలుగు మీటర్ల ఎత్తున ఉండాలని 2011లో నిబంధన మార్చారు. అంతకుముందు అది మూడు మీటర్లు. జురాంగ్ ఐలాండ్ పూడిక అంతకు రెండేళ్ళ ముందే ముగిసింది. అందుకే ఆ దీవి తీరానికి ఎలాంటి రక్షణ కావాలో తేల్చడానికి ప్రత్యేకంగా అధ్యయనం చేపట్టారు. సముద్రం నుంచి తెచ్చుకున్న నేలను సముద్రం నుంచే కాపాడుకోవాల్సి రావడమంటే ఇదే. పూడికకు కావాల్సిన ఇసుకకూ ఒక లెక్క ఉంది. అది చాలావరకు పొరుగు దేశాల సముద్ర గర్భాల నుంచీ, తీరాల నుంచీ వచ్చింది. తమ తీరాలు దెబ్బతింటున్నాయని మలేషియా 1997లో, ఇండోనేషియా 2007లో ఇసుక ఎగుమతిని నిషేధించాయి. ఒక చోట నేల లేచిందంటే మరో చోట తీరం కరిగిందన్నమాట.

దీనికి ఎదురయ్యే మొదటి ప్రశ్న న్యాయమైనదే. మరో దారి లేని చిన్న దేశం ఏం చేయాలి? సముద్రం పూడ్చకపోతే ఆ పరిశ్రమలు ఉండేవి కావు, ఆ జీతాలు ఉండేవి కావు, మన ఊళ్ళకు చేరిన డబ్బూ ఉండేది కాదు. ఈ మాటను నేను కొట్టిపారేయను. 1960లలో సింగపూర్ ముందున్న నిరుద్యోగం కల్పన కాదు. కానీ ఒకప్పుడు దారి లేక చేసిన పనిని దారులున్న కాలంలోనూ చేయడం న్యాయం కాదు. ఇంకో దారి ఉందని చూపించినదీ జురాంగ్ ఐలాండే. ఆ దీవిని ఆనుకుని ఉన్న బన్యాన్ బేసిన్ అనే సముద్రపు పాయ అడుగున, సుమారు 130 మీటర్ల లోతులో రాతిని తొలిచి జురాంగ్ రాక్ కేవర్న్స్ అనే నిల్వ గుహల్ని కట్టారు. 2014లో ప్రారంభమైన ఆ గుహల్లో 14.7 లక్షల ఘనపు మీటర్ల చమురు ద్రవాలు నిల్వ చేయవచ్చు. దాంతో ట్యాంకులు ఆక్రమించాల్సిన సుమారు 60 హెక్టార్ల నేల మిగిలింది. సముద్రాన్ని మరింత పూడ్చకుండా రాతిలోకి దిగడం ఖరీదైన పనే. కాకపోతే ఆ ఖర్చు మొదట్లోనే కంటికి కనిపిస్తుంది. పూడిక ఖర్చు చవగ్గా కనిపించడానికి కారణం, అందులో సగం భారం మన మనవళ్ళ పద్దులో రాసి ఉండడం. రెండు ఖర్చుల్నీ ఒకే పద్దులో పక్కపక్కన పెట్టి చూస్తే "దారి లేదు" అన్న మాట చాలాచోట్ల నిలబడదు.

రెండో ప్రశ్న ఇంకా బలమైంది. ఒక చోట పోయినదాన్ని ఇంకో చోట పెంచుకోవచ్చు కదా? దీనికీ జురాంగ్ ఐలాండ్‌కు దగ్గర్లోనే ఒక మంచి ఉదాహరణ ఉంది. దక్షిణాన ఉన్న పులావ్ సెమకావ్ దగ్గర ఏడు కిలోమీటర్ల రాతి కట్ట వేసి, సింగపూర్ తన చెత్త బూడిదను నింపే స్థలం తయారు చేసుకుంది. 1999 ఏప్రిల్‌లో అది వాడుకలోకి వచ్చింది. ఆ నిర్మాణంలో పోయిన మడ అడవికి బదులుగా 13.6 హెక్టార్లలో నాలుగు లక్షలకు పైగా మడ మొక్కలు నాటారు. అవి బతికాయి, గుబురుగా పెరిగాయి. ఇది నిజమైన విజయం. కానీ అవి ఎందుకు బతికాయో గమనించాలి. నాటిన చోట నేల మట్టం, ఆటుపోట్ల రాకపోకలు మడకు సరిపడేలా ముందే అమర్చారు. అలా చూసుకోకుండా, బురద మేటల మీదా సముద్రపు గడ్డి మీదా మొక్కలు గుచ్చుకుంటూ పోయిన ఫిలిప్పీన్స్‌లో లక్షల కొద్దీ మొక్కలు చచ్చిపోయాయి. పైగా పోయింది పగడపు దిబ్బ అయితే మడ మొక్క దానికి బదులు కాదు. దిబ్బ లేవడానికి శతాబ్దాలు పడుతుంది. అందుకే బదులు పెంచుతామన్న హామీని పూడ్చడానికి ముందస్తు అనుమతిగా తీసుకోవడం తప్పు. బాగుచేయగల శక్తి ఉన్నది, ఇప్పటికే పాడైన చోట్లను బాగుచేయడానికి.

ఆ శక్తి ఎలా పనిచేస్తుందో మన గోదావరి ముఖద్వారమే నేర్పింది. కాకినాడ పక్కన 1978లో అభయారణ్యంగా ప్రకటించిన కోరింగ మడ అడవిలో, కృష్ణా ముఖద్వారంలో కొన్నిచోట్ల చెట్లు నరికేశాక నేల ఎండి, గుంట పడి, పోటు నీరు లోపలికి వచ్చినా బయటకు పోయే దారి లేక ఉప్పు పేరుకుపోయింది. అలాంటి నేలలో ఎన్ని మొక్కలు నాటినా మాడిపోతాయి. 1990ల చివరి నుంచి అటవీ శాఖ, ఎం.ఎస్. స్వామినాథన్ రీసెర్చ్ ఫౌండేషన్, తీర గ్రామాల ప్రజలు కలిసి మొక్కల కన్నా ముందు నీటి సంగతి చూశారు. ఏటిపాయ నుంచి ఒక పెద్ద కాలువ తవ్వి, దానికి రెండు వైపులా ఏటవాలుగా చిన్న కాలువలు తీశారు. పైనుంచి చూస్తే చేప ముల్లులా ఉంటుంది ఆ అమరిక. రోజుకు రెండుసార్లు పోటు నీరు ఆ పిల్ల కాలువల చివరి దాకా వెళ్ళి, ఆటుతో ఉప్పును కడుక్కుని బయటకు వచ్చింది. నేలలో ఉప్పు తగ్గాక కాలువ గట్ల వాలుల మీద తెల్లమడ మొక్కలు నాటితే నిలబడ్డాయి. కాలువలు పూడకుండా పూడిక తీస్తూ ఉండాలి, ఆ పని వదిలేస్తే మళ్ళీ మొదటికే వస్తుంది. ఇందులో నేర్చుకోవాల్సింది సూటిగా ఉంది. నాటిన మొక్కల సంఖ్య చిత్తడి నేల బాగుపడిందనడానికి కొలత కాదు. నీటి దారి తెరుచుకుందా లేదా అన్నదే కొలత. వన మహోత్సవాల ఫొటోల్లో మొక్క కనిపిస్తుంది, కాలువ కనిపించదు. అందుకే డబ్బు మొక్క వైపు పోతుంది, కాలువ పూడిపోతుంది.

బాగుచేయడం కన్నా కాపాడడం ఎంత చౌకో చెప్పే రుజువులు సింగపూర్‌లోనే ఉన్నాయి. 1986లో మలయన్ నేచర్ సొసైటీ సింగపూర్ శాఖకు చెందిన పక్షి పరిశీలకులు ఉత్తర తీరాన, పాత రొయ్యల చెరువుల మధ్య, వలస పక్షులు గుంపులుగా దిగుతున్న సుంగై బులోను గుర్తించి ప్రభుత్వానికి విన్నవించారు. 1993లో అది ప్రజలకు తెరిచిన ప్రకృతి ఉద్యానంగా, 2002లో చట్టపరమైన రక్షణ ఉన్న అభయారణ్యంగా మారింది. సైబీరియా నుంచి ఆస్ట్రేలియా దాకా ఎగిరే ఉల్లంకులకు అది మజిలీ. పులావ్ ఉబిన్ దీవి చివరన ఉన్న చెక్ జావా చిత్తడి నేలను పూడ్చాలని తీసుకున్న నిర్ణయాన్ని, జనం గొంతెత్తడంతో, 2001 డిసెంబరులో వాయిదా వేశారు. అది ఇవాళ్టికీ నిలిచే ఉంది. ఈ రెండు చోట్లా అయిన ఖర్చు సముద్రపు గోడల ఖర్చు ముందు లెక్కలోకి రాదు. జురాంగ్ ఐలాండ్‌కూ, పులావ్ బుకోమ్ రిఫైనరీకీ, పసీర్ పంజాంగ్ కంటైనర్ రేవుకూ మధ్య, పెద్ద ఓడల దారుల నడుమ సైరీన్ రీఫ్ ఉంది. పోటులో మునిగి, ఆటులో తేలే ఆ దిబ్బ మీద సముద్రపు గడ్డి పచ్చిక బయలులా పరుచుకుని ఉంటుంది. దాని మీద ముళ్ళబుడిపెల నక్షత్ర చేపలు, అరచేతికి మించిన సైజువి, వందల కొద్దీ కనిపిస్తాయి. పరిశ్రమ ఉన్నచోట ప్రకృతి ఉండదనే మాట అబద్ధమని చెప్పడానికి ఆ దిబ్బ చాలు. నీరు కదులుతూ ఉంటే, దిబ్బ మీద ఇసుక పోయకుండా ఉంటే, కర్మాగారాల నడుమ కూడా జీవం నిలుస్తుంది.

ఇక మన ఇంటి సంగతి. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో కొల్లేరు ఉంది. అది బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చే వరదను తనలో నింపుకుని ఉప్పుటేరు గుండా మెల్లగా సముద్రానికి వదిలే సహజ జలాశయం. 1999లో ఐదో కాంటూరు అనే ఎత్తు హద్దు వరకు, 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సార్ జాబితాలో చేరింది. అప్పటికే చేపల చెరువుల గట్లు సరస్సును ముక్కలు చేశాయి. 2006లో సుప్రీంకోర్టు ఆదేశాలతో గట్లు పగలగొట్టారు, మళ్ళీ అవి చాలాచోట్ల లేచాయి. 2008లో హద్దును మూడో కాంటూరుకు కుదించాలని శాసనసభ తీర్మానించింది. ఇక్కడ ఎదురయ్యే అభ్యంతరం అన్నిటికన్నా కష్టమైనది: పక్షుల కోసం మనుషుల పొట్ట కొడతారా? కొల్లేటి లంకల్లో బతుకు కష్టం నిజం. కానీ స్థానికుల సహకార సొసైటీల పేరు మీదున్న చెరువులు లీజుల రూపంలో ఎక్కడో ఉన్న పెట్టుబడిదారుల చేతికి పోయి, లంక జాలరి తన నీటి మీద తానే కూలీ అయిన కథా నిజమే. గట్లు లేని కొల్లేట్లో కొర్రమీనుకు, జెల్లకు వల వేసుకునే హక్కు అందరిదీ. గట్టు వేసిన చెరువులోని శీలావతి ఒకరిది. కాబట్టి పేదల పేరు చెప్పి నీటిని గట్లతో కట్టేస్తే మొదట నష్టపోయేది పేదలే. 2024 సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్ళలో ఉన్నప్పుడు మేడల మీదకెక్కి ఆహారం ప్యాకెట్ల కోసం చూసినవాళ్ళు ఎవరో మనకు తెలుసు. ఆ వరదకు అనూహ్యమైన వాన, తెగిన గట్లు, ఆక్రమణలకు గురైన ఏటి దారి అన్నీ కారణాలే. దిగువన నీరు సాఫీగా పోలేని వ్యవస్థ ఉన్నంతకాలం ఎగువన ఏ గట్టూ భద్రం కాదు. పరిరక్షణ వల్ల ఉపాధి పోయే కుటుంబాలకు ప్రత్యామ్నాయం చూపడం ప్రభుత్వం బాధ్యత. అది దయాధర్మం కాదు, పరిరక్షణ ఖర్చులో భాగం.

చివరిగా, మడ అడవి సర్వరోగ నివారిణి అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. సముద్రమట్టం ఏడాదికి ఆరు మిల్లీమీటర్లకు మించి పెరిగితే మడ తన నేలను అంత వేగంగా ఎత్తు చేసుకోలేదని 2020లో శాస్త్రవేత్తలు హెచ్చరించారు. వెనకాల రోడ్డో గోడో ఉంటే అది వెనక్కి జరిగే వీలు కూడా ఉండదు. అందుకే కొన్నిచోట్ల రాయీ, చెట్టూ కలిసి పనిచేయాలి. సింగపూర్‌లోని పులావ్ తెకోంగ్‌లో కోతకు గురవుతున్న మడ తీరానికి ముందు రాళ్ళు పేర్చి అల బలం తగ్గించి, వెనక మడ మొక్కలు పెంచారు. గోడ ఒక్కటే కడితే అది కట్టిన రోజు నుంచే పాతబడడం మొదలవుతుంది. మడ ఉన్న తీరం, దానికి ఒండ్రూ నీరూ అందినంత కాలం, తనను తాను కట్టుకుంటూ పోతుంది. ఆ ఒండ్రు, ఆ నీరు, వెనక్కి జరగడానికి కాస్త చోటు, ఈ మూడూ దానికి ఇవ్వడం మన చేతుల్లో ఉన్న పని.

సింగపూర్‌కున్నంత డబ్బు, క్రమశిక్షణ, ఇంజనీరింగ్ శక్తి మనకు లేవు. అంతటి దేశానికే పూడ్చిన నేల నూరేళ్ళ ఖర్చు తెచ్చిపెట్టిందంటే, ఆ ఖర్చు భరించలేని మనకు పూడ్చకుండా ఉండడమే తెలివైన ఆర్థిక విధానం. ఏ చెరువు మీద లేఅవుట్ వేయాలన్నా, ఏ మడ మీద ఇళ్ళ పట్టాలివ్వాలన్నా, ఏ ఏటి దారిలో గట్టు వేయాలన్నా, అక్కడి నీరు ఇకపై ఎటు పోతుందో, దాన్ని అటు పంపే ఖర్చు నూరేళ్ళ పాటు ఎవరు భరిస్తారో కాగితం మీద రాసి జనం ముందు పెట్టాలని చట్టం అడగాలి. జురాంగ్ ఐలాండ్ లాంటి చోట్ల నేల మట్టాలు, డ్రైనేజీలు, ఆటుపోట్ల లెక్కలు రోజూ చూసే తెలుగు ఇంజనీర్లకు ఆ కాగితం చదివి తప్పు పట్టగల నేర్పు ఉంది. సొంతూళ్ళో గుడికీ బడికీ చందాలు పంపుతున్నవాళ్ళు ఆ నేర్పును కూడా పంపాలి. కొల్లేటి కాంటూరు మీద, కోరింగ కాలువ మీద, తమ ఊరి చెరువు అలుగు మీద జరిగే చర్చలో ఒక్క సరైన లెక్క దొరికినా, పూడ్చేముందు పాలకులు ఒకసారి ఆగి జవాబు చెప్పాల్సి వస్తుంది.